కలబంద కాని కలబంద

మీ ఇంట్లో కలబంద వుందా? వుంటే ముందు లేచి వెళ్ళి, అది కలబందేనో కాదో ఒకసారి చూసి రండి. ఈ నాలుగు ముక్కలూ తరవాత తీరిగ్గా చదువుకోవచ్చు.

వేళాకోళం అనుకోకండి. మా ఇంట్లో పాతికేళ్ళుగా మేము కలబంద అని పిలుచుకుంటున్నది కలబంద కాదని అందరికీ తెలిసిరావడానికి మా అమ్మాయి మొహం మండవలసి వచ్చింది.

మా అత్తవారిది హుజూర్‌నగర్. ఇదివరకు నల్లగొండ జిల్లా. 2016 నుంచి సూర్యాపేట జిల్లాలోకి వచ్చింది. నేను పుట్టి పెరిగింది జగ్గయ్యపేటలో. దూరం పెద్దది కాకపోయినా మాటల్లో తేడా వుంటుంది కదా! నేను కాపురానికి వచ్చిన రోజుల్లోనే గేటు పక్కన ప్రహరీ మూల ఒక పిలక నాటి వుంది. అదే పెరిగి పెరిగి ఇప్పుడు మనిషి ఎత్తు అయింది. బూడిద కలిసిన పచ్చరంగు మట్టలు, ఒక్కొక్కటి నాలుగైదు అడుగుల పొడుగు. నడిమి నుంచి నాలుగు వైపులకూ విచ్చుకుని, రాతితో చెక్కిన పెద్ద తామరపువ్వులా వుంటుంది. అంచులకు రంపపు పళ్ళు. కొసన గోనెసంచులు కుట్టే దబ్బనం లాంటి ముల్లు.

"ఇది కిత్తనార కదూ, అత్తమ్మా?" అన్నాను, కొత్తకోడలిగా వున్నప్పుడు.

"నార తీస్తే కిత్తనార. మనమేమన్న తీస్తున్నమా? కలబందనే అంటరు" అన్నారు మా అత్తగారు.

అంత ఖచ్చితంగా చెప్పాక నేనెందుకు వాదిస్తాను? క్రమంగా నా నోటికీ కలబంద అనే మాటే అలవాటయింది. తప్పు అక్కడ జరిగింది.

మొన్న సంక్రాంతి సెలవులకు మా అమ్మాయి కాలేజీ నుంచి వచ్చింది. ఈ కాలపు పిల్లలకు ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పేదానికన్నా చేతిలో ఫోను చెప్పేదే వేదం. కలబంద గుజ్జు రాసుకుంటే మొహం నిగనిగలాడుతుందని అందులో ఎవరో సెలవిచ్చారట. "గేటు దగ్గర బండెడు వుండగా బజారులో కొనడమెందుకు" అని వంటింటి కత్తి పుచ్చుకుని వెళ్ళింది. మట్ట విరవబోతే విరగలేదట. కోస్తే నార నారగా వచ్చిందట. అప్పుడైనా అనుమానం రావద్దూ? గీకి గీకి తీసిన పసరు మొహానికీ మెడకూ పట్టించి, అద్దం ముందు కూర్చుంది. ఐదు నిమిషాలు కాలేదు, "అమ్మా, మంట!" అని కేక.

నేను పరుగెత్తుకు వెళ్ళేసరికి చెంపలు ఎర్రగా కంది, మెడ మీద దద్దుర్లు తేలుతున్నాయి. గోళ్ళతో గీరుకోబోతే చేతులు పట్టుకుని కుళాయి కింద కూర్చోబెట్టాను. డాక్టరుగారి దగ్గరకు తీసుకువెళ్తే, "ఏం రాశారు?" అన్నారు. కలబంద అన్నాను. ఆయన నమ్మలేదు. "ఒక ముక్క తెచ్చి చూపించండి" అన్నారు. మావారు వెళ్ళి తెచ్చారు. దాన్ని తిప్పి చూసి, "ఇది కలబంద కాదమ్మా. కంట్లో పడలేదు, అదృష్టవంతులు" అన్నారు. దద్దుర్లు తగ్గడానికి పదిరోజులు పట్టింది. మచ్చలు పోవడానికి నెల పట్టింది. సెలవులన్నీ ఆ పిల్ల చున్నీ కప్పుకునే గడిపింది.

కంద కోసినప్పుడు చేతులు దురద పెడతాయి, గుర్తుందా? కందలోనూ చేమలోనూ వుండే కాల్షియం ఆక్సలేటు స్ఫటికాలు సన్నటి సూదుల్లా చర్మంలో దిగుతాయి. కిత్తనార పసరులోనూ అలాంటి సూదులే వున్నాయి. అవి చాలవన్నట్టు చర్మాన్ని రేపే మరికొన్ని పదార్థాలు కూడా వున్నాయి. అందుకే ఆ పసరు పడిన చోట రుద్దకూడదు. రుద్దితే సూదులు మరింత లోపలికి దిగుతాయి. ధారగా నీళ్ళు పోసి కడగాలి. కంట్లో పడితే కడుగుతూనే డాక్టరు దగ్గరకు పరుగెత్తాలి.

ఇక ఈ రెండింటినీ గుర్తుపట్టడం ఎలాగో చెబుతాను. ఇది ప్రతి ఇంట్లోనూ తెలిసి వుండవలసిన సంగతి. కలబంద మట్ట చేత్తో విరిస్తే పుటుక్కున విరుగుతుంది. లోపల అద్దంలాంటి జిగురు గుజ్జు వుంటుంది, నార వుండదు. కిత్తనార మట్ట మీ శక్తి అంతా వుపయోగించినా విరగదు. లోపలంతా నార. కలబంద అంచు ముళ్ళు మెత్తగా, చేతికి గీరుకునేటంత మాత్రమే వుంటాయి. కిత్తనార ముళ్ళు చీరను పట్టుకుంటే చీర చిరగవలసిందే. ఇంకొక గుర్తు వుంది, నాకు చాలా ఇష్టమైనది. కిత్తనార మట్టలు నడిమి మొగ్గలో ఒకదాన్నొకటి గట్టిగా హత్తుకుని పెరుగుతాయి. అందుచేత పక్క మట్ట ముళ్ళ అచ్చు దీని వీపు మీద పడుతుంది. విచ్చుకున్న తరవాత కూడా ఆ గీతలు చెరగవు. అట్లతద్దికి పెట్టుకున్న గోరింటాకు డిజైనులా కనిపిస్తాయి. కలబందకు ఈ అచ్చులు వుండవు.

ఈ పొరపాటు మనమొక్కరమే చేశామని చిన్నబుచ్చుకోనక్కరలేదు. ఇంగ్లీషువాళ్ళు కూడా దీన్ని "అమెరికన్ ఆలో", అంటే అమెరికా కలబంద అనే పిలిచారు. నిజానికి కలబంద పుట్టిల్లు అరేబియా. కిత్తనార పుట్టిల్లు మెక్సికో, దానికి ఆనుకుని వున్న టెక్సాస్ దక్షిణ ప్రాంతం. 1753లో లిన్నేయస్ దీనికి "అగేవ్ అమెరికానా" అని పేరు పెట్టాడు. అగేవ్ అంటే గ్రీకులో ఘనమైనది అని. ఇప్పటి శాస్త్రజ్ఞులు దీన్ని శతావరి కుటుంబంలో చేర్చారు. ఇంకా విచిత్రం, మనం పెళ్ళిదండల్లో కట్టే లిల్లీపూలు, అవేనండీ రజనీగంధలు, దీనికి స్వయానా చెల్లెళ్ళ వరస. వాటినీ ఇప్పుడు అగేవ్ జాతిలోనే కలిపారు. ఒకే ఇంట్లో ఒకరికి సువాసన, ఒకరికి దబ్బనం!

ఆసుపత్రి నుంచి వచ్చిన సాయంత్రం మావారు ప్రకటించారు: "ఇగ ఇది ఇంట్ల ఉండొద్దు. రేపు పొద్దుగాల మనుషుల పిలిచి తవ్విస్త."

అరుగు మీద కూర్చున్న మా అత్తగారు చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "చెట్టు ఏం జేసిందిరా? పోయి కోసుకున్నది నీ బిడ్డ. అది మీ నాయిన చేత్తోని పెట్టింది" అన్నారు. అంతే. మావారు తలవంచుకుని లోపలికి వెళ్ళిపోయారు. నాకు మాత్రం ఎవరి వైపు మాట్లాడాలో తెలియలేదు. లోపల పిల్ల మొహం చూస్తే ఒక మాట, బయట ఆవిడ మొహం చూస్తే ఒక మాట.

మా మామగారు పోయి ఆరేళ్ళయింది. ఆయనకు ఈ మొక్క మీద అభిమానానికి కారణం వుంది. సాగరు కాలువ రాకముందు ఇక్కడి భూములు చాలావరకు మెట్టభూములు. మావాళ్ళకు వూరి బయట ఎర్ర చెల్క వుండేది. జొన్న, కంది, ఆముదం వేసేవారు. మేకలు పడకుండా గట్ల చుట్టూ కిత్తనారే కంచె. దానికి నీళ్ళు అక్కరలేదు, ఎరువు అక్కరలేదు, మేక మూతి పెట్టదు. మట్టలు కోసి నానబెట్టి, చితగ్గొట్టి నార తీసి పశువులకు పలుపులూ తలుగులూ పేనుకునేవారు. నానబెట్టిన చోట వాసన భరించలేకపోయేవాళ్ళమని మా అత్తగారు ఇప్పటికీ ముక్కు మూసుకుని మరీ చెబుతారు.

1955 డిసెంబరు 10న నెహ్రూగారు నాగార్జునసాగరుకు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీళ్ళు వదిలారు. ఎడమ కాలువకు లాల్‌బహదూర్ కాలువ అని పేరు. ఆ నీళ్ళు చేరాక చెల్క మడి అయింది, జొన్న పోయి వరి వచ్చింది. మడిగట్టు మీద కిత్తనారతో పనేముంది? తవ్వి పారేశారు. మా మామగారు మాత్రం ఒక్క పిలక తెచ్చి ఇంటి ప్రహరీ మూల పెట్టారు. "ఇన్నేండ్లు మన జొన్న కాపాడింది. నీళ్ళు రాంగనే మర్సిపోతమా" అన్నారట.

ఈ కథ విని నేను, "అయితే అత్తమ్మా, ఇది 1967 నాటి మొక్కా!" అని కళ్ళు పెద్దవి చేశాను.

"గప్పటిది గాదు. గది ఎప్పుడో పూసి సచ్చిపోయింది. దాని పిల్ల ఇంకోటి, అదీ పాయె. ఇది మూడోది. మీ లగ్గమైన ఏడు మీ మామ పెట్టిండ్రు" అన్నారు.

నేను పుస్తకాలు తిరగేసి తెలుసుకున్న సంగతి ఆవిడకు మొక్కను చూసే తెలుసు. కిత్తనార బతుకులో ఒక్కసారే పూస్తుంది. పూసి, చచ్చిపోతుంది. వందేళ్ళకు ఒకసారి పూస్తుందని ఇంగ్లీషులో దీనికి "సెంచురీ ప్లాంట్" అని పేరు పెట్టారు కానీ అంత వుండదు. పది ఏళ్ళకు పూసినా పూయవచ్చు, ముప్ఫై ఏళ్ళు పట్టినా పట్టవచ్చు. నేల, ఎండ, వాననుబట్టి వుంటుంది. చచ్చిపోయే లోపల మొదలు చుట్టూ పిలకలు పెట్టి పోతుంది.

పెంపకం సంగతికి వస్తాను. ముళ్ళంటే భయపడని వాళ్ళకూ, జాగా వున్నవాళ్ళకూ ఇంత తేలికైన మొక్క మరొకటి లేదు. అయినా నేను రెండు చంపాను. కాలువ నీళ్ళు తాగి పెరిగినదాన్ని. మొక్క కనపడితే చెంబు అందుకోవడం నాకు అలవాటు. కాపురానికి వచ్చిన కొత్తలో రెండు పిలకలు తీసి కుండీల్లో పెట్టి, తులసికి పోసినట్టు రోజూ పొద్దున్నే పోశాను. నెల తిరక్కుండా అడుగు మట్టలు పసుపు రంగు తిరిగి మెత్తబడ్డాయి. నీళ్ళు చాలలేదేమోనని ఇంకా పోశాను. ఒకరోజు చెయ్యి వేస్తే మొక్క మొక్కంతా వూడి చేతిలోకి వచ్చింది. మొదలు కుళ్ళి వాసన. మా మామగారు చూసి, "అమ్మాయీ, దీనికి పెట్టుడు కంటె పెట్టకుంట ఉండుడు నేర్సుకోవాలె" అని నవ్వారు.

నేలలో కుదురుకున్న మొక్కకు వానే చాలు, మనం నీళ్ళు పొయ్యనే వద్దు. కుండీలోదానికి ఎండాకాలంలో పది పదిహేను రోజులకు ఒకసారి, చలికాలంలో నెలకొకసారి, వానాకాలంలో అసలు వద్దు, వీలైతే చూరు కిందికి జరపాలి. మట్టలు కాస్త ముడతలు పడితే దాహం వేసిందని అర్థం. పోస్తే రెండు మూడు రోజుల్లో తేరుకుంటుంది. దాహంతో చచ్చేది అరుదు, నీళ్ళతో చచ్చేది ఎక్కువ.

మట్టి విషయంలో హుజూర్‌నగర్ వాళ్ళం అదృష్టవంతులం. నేల అడుగున సున్నపురాయి. చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది అందుకే. సున్నం కలిసిన రాతినేలను ఈ మొక్క బాగా తట్టుకుంటుంది. కుండీలో వేసేవాళ్ళు ఎర్ర చెల్క మట్టి సగం, ముతక ఇసుక, నాపరాతి ముక్కలో ఇటుక ముక్కలో కలిపి సగం వెయ్యండి. మాగిన పశువుల ఎరువు ఒక దోసెడు చాలు. మడి నుంచి తెచ్చిన నల్లమట్టి మాత్రం వద్దు, అది నీళ్ళు పట్టి వుంచుతుంది. కుండీకి అడుగున కన్నం తప్పనిసరి. ఎండ ఎంత వుంటే అంత మంచిది.

జాగా విషయంలో మొహమాటపడకండి. అంగడిలో బెత్తెడు మొక్క ముద్దుగా వుందని గుమ్మం పక్కన పెడతాము. అదే పదేళ్ళకు ఆరేడు అడుగుల మేర ఆక్రమిస్తుంది. నడిచే దారికి కనీసం ఐదారడుగుల ఎడం వుండాలి. పిల్లలు ఆడే చోట వద్దే వద్దు. మా ఇంట్లో రాజీ ఇలా కుదిరింది: మొక్కను వుంచుదాం, కొసముళ్ళు తీసేద్దాం. మట్ట కొయ్యకుండా ముల్లు చివర మాత్రం కత్తెరతో తుంచితే మొక్కకు ఏమీ కాదు. మావారు కళ్ళజోడు, దళసరి చేతితొడుగులు, పొడుగు చేతుల చొక్కా వేసుకుని గంటసేపు యుద్ధం చేశారు. అయినా మోచేతికి ఒకటి గుచ్చుకుంది. మా అత్తగారు పసుపు తెచ్చి ఇచ్చారు కానీ ఒక్క మాట అనలేదు.

నీళ్ళు లేకుండా ఇది ఎలా బతుకుతుందని మీకు సందేహం రావచ్చు. మామూలు మొక్కలు పగటిపూట ఆకుల్లోని సన్నని రంధ్రాలు తెరిచి గాలి పీల్చుకుంటాయి. ఆ దారినే నీరు ఆవిరైపోతుంది. ఇది పగలు ఆ రంధ్రాలు మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరుస్తుంది. పీల్చిన బొగ్గుపులుసు గాలిని పులుపుగా మార్చి దాచుకుని, మర్నాడు ఎండలో వాడుకుంటుంది. ఈ రహస్యానికి సంబంధించిన తొలినాళ్ళ ఆనవాళ్ళలో ఒకటి దొరికింది మన దేశంలోనే. మన సామర్లకోటలో కుంపినీ తోటను కొంతకాలం చూసిన బెంజమిన్ హైన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు రణపాల ఆకు పొద్దున్నే నమిలితే పుల్లగానూ, మధ్యాహ్నానికి రుచి లేకుండానూ, సాయంత్రానికి ఇంచుమించు చేదుగానూ వుండడం గమనించి, లండనులోని లిన్నేయన్ సొసైటీకి రాశాడు. అది 1815లో అచ్చయింది. ఒక ఆకుని మూడు పూటలా నమిలి చూడాలని తోచడం ఎంత గొప్ప సంగతండీ!

సరే, రాజీ కుదిరిందని వూపిరి పీల్చుకున్నామా? వుగాది వెళ్ళిన వారానికి మొక్క నడిమి నుంచి ఒక మొగ్గ లేచింది. చూడడానికి తొడ లావు. పోను పోను రోజుకు బెత్తెడు చొప్పున పెరిగి గోడ దాటింది, కిటికీ దాటింది, డాబా దాటింది. ఇరవై అడుగులు దాటాక కొమ్మలు విచ్చి, పళ్ళేల వంటి ఆకుపచ్చ పసుపు పూలగుత్తులు పట్టింది. తెల్లవారకముందే తేనెటీగల రొద. వీధిలో పోయేవాళ్ళు ఆగి ఫొటోలు తీసుకున్నారు. మెక్సికోలో దీని పూలకు తేనె కోసం గబ్బిలాలు వస్తాయట. అక్కడివాళ్ళు పూలకాడ లేవకముందే నడిమి మొగ్గను తొలిచి, వూరే తియ్యటి నీరు పట్టి పులియబెట్టి తాగుతారు. ఇన్నేళ్ళూ కూడబెట్టిన చక్కెర అంతా ఆ ఒక్క కాడకే ఖర్చు.

"కాడ నరికేస్తే చెట్టు బతకదా?" అని మావారు నన్ను చాటుగా అడిగారు. తవ్విస్తానన్న మనిషే! బతకదు. కాడ కోసినా తల్లి మొక్క కాలం తీరినట్టే. ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. మా అత్తగారే అన్నారు: "పూయనియ్యిరా. గిన్నేండ్లు అందుకే గద దాసుకున్నది."

ఇప్పుడు శ్రావణం. పూలు రాలిపోయాయి. అడుగు మట్టలు ఒక్కొక్కటే వడలి గోధుమరంగు తిరుగుతున్నాయి. మొదలు చుట్టూ ఏడు పిలకలు లెక్కపెట్టాము. పిలక జానెడు పెరిగాక తియ్యాలి. మొదలు దగ్గర మట్టి తవ్వి, తల్లిని అంటిన వేరుకాడను పదునైన కత్తితో ఒక్క కోతతో తెగ్గొట్టి, నీడలో నాలుగైదు రోజులు వట్టిగా వుంచాలి. గాయం ఆరి పొరకట్టాక పొడిమట్టిలో పాతి, వారం రోజుల తరవాత మొదటి నీళ్ళు పొయ్యాలి. గాయం పచ్చిగా వుండగా పాతితే కుళ్ళుతుంది.

నాలుగు పిలకలు చుట్టాలు అడిగారు, ఇచ్చేశాము. ఇచ్చేటప్పుడు, "ఇది కిత్తనార. కలబంద కాదు. మొహానికి రాసుకోకండి" అని కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఒక్కోదానికి కట్టింది మా అమ్మాయి. ఒకటి మావారు వెనక పెరట్లో, ఎవరూ నడవని మూల, సిమెంటు వొరలో పెట్టారు. మిగతా రెండూ ఇంకా తల్లి పక్కనే వున్నాయి. గేటు మూల మళ్ళీ పెట్టాలా వద్దా అని ఎవరూ ఎత్తలేదు. పోయిన గురువారం పొద్దున లేచి చూసేసరికి మా అత్తగారు చెంబు పట్టుకుని గేటు దగ్గర నిలబడి వున్నారు.

"నీళ్ళు పోస్తున్నారా అత్తమ్మా!" అన్నాను కంగారుగా.

"పోస్తనా! చేతులు కడుక్కున్న" అన్నారు. చేతులకు మట్టి వుంది. తరవాత తల ఎత్తి, ఎండుతున్న ఆ పొడుగు కాడ వైపు చూస్తూ, "ఇది ఎండినంక తేలికైతది. పారెయ్యకుండ్రి. పెరట్ల చిక్కుడు పాదుకు నిలబెడదం" అన్నారు.